పానకరసన్యాయము - మన ఇంటి పండ్లరసపు సోడా

సాహిత్యవిమర్శకులు వాడు మాటలలో అనేకములు వంటయింటినుండి వచ్చినవే. రసము, రుచి, పాకము, ఆస్వాదము - ఇవన్నియు నాలుకకు తెలిసిన తరువాతనే శాస్త్రమునకు తెలిసినవి. ఓరుగల్లున ప్రతాపరుద్రుని ఆస్థానమునందున్న విద్యానాథుడు కవిత్వపు పాకములను వివరించుచు ద్రాక్షను, నారికేళమును పేర్కొనెను. నోట వేసికొన్నంతనే రసము చిమ్మునది ద్రాక్షాపాకము. పీచు ఒలిచి, పెంకు పగులగొట్టిన పిమ్మటగాని రుచి తెలియనిది నారికేళపాకము. ఇన్ని మాటలను అప్పుగా తెచ్చుకొన్న విమర్శ ఒక్కసారి ఆ వంటయింటికే తిరిగి వెళ్లి, అచ్చటి పనిని తన కొలతలతో కొలిచి చూచుట తప్పు కాదని మా అభిప్రాయము.

అందుచేత ఈ వ్యాసమున మేము విమర్శకు తీసికొన్న వస్తువు, వేసవి మధ్యాహ్నమున గడప దాటి వచ్చిన అతిథికి మన ఇండ్లలో అందించు పండ్లరసపు సోడా. విషయము చిన్నదని కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. కాని ఒక కుటుంబము తన భాషను, తన మర్యాదను నిలుపుకొనునది పెద్ద సభలలో కంటె ఇట్టి చిన్నపనులలోనే. పరాయిరాష్ట్రములలో తరతరములుగా కాపురమున్న మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

మొదట కొలమానమును చెప్పవలెను. మన ఆలంకారికులు రసమునెట్లు అనుభవింతుమో చెప్పుటకు పానకమును దృష్టాంతముగా తీసికొనిరి. కాశ్మీరదేశపు అభినవగుప్తుడు ఈ దృష్టాంతమును వాడెను. పదునాలుగవ శతాబ్దమున కళింగదేశమునందుండిన విశ్వనాథకవిరాజు తన సాహిత్యదర్పణమున దీనినే ప్రపానకరసన్యాయమని పేర్కొనెను. బెల్లమో ఖండచక్కెరయో, మిరియమో, మరియొకటియో విడివిడిగా తిన్నచో వేనికవే తెలియును. పానకమున చేరిన పిమ్మట వాని వేరుతనము పోయి, దేనికిని చెందని క్రొత్తరుచి ఒకటి పుట్టును. అట్లని వానిలో ఒక్కటి లోపించినను నాలుక ఆ లోటును పట్టివేయును. కలిసిపోవుట, లేకపోవుట ఒకటి కావని ఈ న్యాయము చెప్పుచున్నది. మంచి పానీయమునకు మేము పెట్టు పరీక్ష ఇదియే.

ఈ పానకమను మాట మనము స్థిరపడిన నేలలన్నిటను ఏదో ఒక రూపమున వినిపించుట గమనింపదగినది. కన్నడిగులకు అది పానక. తమిళులకును అది పానకమే, ఉచ్చారణలో కొంచెము మారినది. మహారాష్ట్రమున పచ్చిమామిడికాయను ఉడికించి చేయు పన్హే అను పానీయపు పేరు ఈ మాటకు తద్భవమే. ఒడిషాలో అది పణా. ఏప్రిలు నడుమ వచ్చు మేషసంక్రాంతిని అచ్చట పణా సంక్రాంతి అనియే పిలుతురు. మారేడుగుజ్జుతో చేసిన బేలపణా ఆనాటి ముఖ్యపానీయము. మనకు శ్రీరామనవమికి బెల్లము, మిరియములు, ఏలకులు కలిపిన పానకము ఉన్నది. మంగళగిరి నరసింహస్వామికి పానకాలస్వామి అను పేరే ఉన్నది. ఇరుగుపొరుగుల భాష ఏదైనను ఈ గిన్నెలో ఉన్నది మనకు పరాయిది కాదు.

మన సాహిత్యమున దీనికొక గొప్ప సాక్ష్యమున్నది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుడు ఏ ఋతువునందు అతిథులకు ఏమేమి వడ్డించెనో వర్ణించెను. వేసవి వడ్డనలో చెఱకురసము, ఎడనీళ్లు, పండ్లు, పరిమళము గల చల్లనినీరు, నీరుచల్ల కనబడును. కర్ణాటకమున హంపీనుండి ఏలిన రాజు, తమిళదేశమున శ్రీవిల్లిపుత్తూరునందలి గృహస్థుని ఆతిథ్యమును తెలుగున వ్రాసెను. అందులోని ఎడనీళ్లు, కన్నడిగుల ఎళనీరు, తమిళుల ఇళనీర్ ఒక్కచెట్టు కొమ్మలే. మూడు నేలలు ఒక పంక్తిలో కూర్చున్న ఆ వడ్డనయే మనవంటివారి ఇంటికి తగిన ఆదర్శము.

ఇక సోడా సంగతి. ఇది మన పూర్వులెరుగనిది. 1767లో ఇంగ్లండునందలి లీడ్స్ పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్లీ, సారాయి పులియబెట్టు తొట్టిపై తేలుచుండు వాయువును నీటిలో కరగించి చూచెను. 1772లో ఆ విధానమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. నూరేండ్ల పిమ్మట, 1872లో, హైరం కాడ్ అనువాడు మెడలో గాజుగోలీ గల సీసాకు హక్కుపత్రము పొందెను. లోని వాయువు ఒత్తిడిచేతనే గోలీ రబ్బరు వలయమునకు అదుముకొని మూతయగును. ఆ సీసా మన ఊళ్లకు వచ్చి గోలీసోడా అయినది. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి త్రాగుట నేర్చిన తరువాత దానిని విదేశీయమని ఎవరును అనలేదు. ఇంటి పండ్లరసముతో కలిసినంతనే అది మన పానకపు కుటుంబమున చేరినది. కావున, రామనవమి పానకమే శుద్ధము, సోడా భ్రష్టము అను వాదముతో మేము ఏకీభవింపము. వచ్చినది ఎక్కడినుండి అని కాక, వచ్చి ఎట్లు కలిసినది అని అడుగుట న్యాయము.

మా ఆక్షేపణ మరియొకదానిమీద. నేడు మన విందులలోను, సమాజముల ఉత్సవములలోను అతిథికి అందునది ఎక్కువగా అంగడినుండి పెట్టెలతో వచ్చిన సీసా. లేదా రంగు, సెంటు, చక్కెర మాత్రమే గల సిరప్పు. సీసామీది బొమ్మలో పండు ఉండును, లోపల ఉండకపోవచ్చును. 1955లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఫలోత్పత్తుల ఉత్తర్వు, స్క్వాషు అను పేరున అమ్ముదానిలో నూటికి 25 పాళ్లకు తగ్గకుండ పండ్లరసము ఉండవలెనని విధించెను. 2006 నాటి ఆహారభద్రతా చట్టము అమలునకు వచ్చిన పిమ్మట ఆ విషయములు క్రొత్త నిబంధనలలో చేరినవి. కొనువారు సీసా చీటీని చదివినచో అందు రసమెంతయో, వట్టి సువాసనద్రవ్యమెంతయో కొంత తెలిసికొనవచ్చును. పానకరసన్యాయముతో చూచిన, ఇట్టి సిరప్పులోని దోషము తీపి ఎక్కువగుట మాత్రమే కాదు. అందు కలియవలసినవే లేవు. పులుపు, వగరు, తొక్కలోని చిరుచేదు లేనిచోట తీపి దేనితో కలియును?

ఇంటిలో చేయునది దీనికి సమాధానము. అయితే ఇంట చేసినదెల్ల మంచిదని మేము అనము. అందును గుణదోషములున్నవి.

మొదటిది పాకము. నిమ్మరసమునకు తగిన లెక్క ఇది: ఒక కిలో పంచదారను అరలీటరు నీటిలో కరగించి, వ్రేలికి జిగురుగా తగులు లేతపాకము వచ్చువరకు కాచవలెను. తీగపాకము వచ్చినచో పొరబాటు. చల్లారిన పిమ్మట సీసా అడుగున చక్కెర గడ్డకట్టును. పాకము దింపి, గోరువెచ్చన కూడ పోయి చల్లబడిన తరువాతనే అరలీటరు వడగట్టిన నిమ్మరసము కలుపవలెను. మన ఇండ్లలో ఎక్కువగా కనబడు దోషము ఇచ్చటనే. పని త్వరగా ముగియునని రసమును పాకముతో కలిపి కాతురు. పండులోని పరిమళము తేలికయైనది. ఆవిరితోపాటు అదియు పోవును. మిగిలినది పులుపుతీపుల మిశ్రమమే. వంటయిల్లంతయు ఘుమఘుమలాడినదని సంతోషించువారు, ఆ పరిమళము ఉండవలసినది గాలిలో కాదు, సీసాలో అని తెలిసికొనవలెను.

నిప్పు అక్కరలేని పద్ధతియు ఒకటున్నది. ద్రాక్ష, అనాస వంటి పండ్లను చిదిపి లేక సన్నగా తరిగి, వాని బరువునకు సమానముగా చక్కెర వేసి, మూతపెట్టి, ఒక పగలు ఒక రాత్రి చల్లనిచోట ఉంచినచో, చక్కెర పండులోని నీటిని తనవైపు లాగుకొనును. గిన్నెలో రసమూరును. దానిని పలుచని గుడ్డలో వడగట్టి, నిమ్మరసము కొంచెము చేర్చిన చాలును. కొంకణతీరమున కోకంపండ్ల తొక్కలకు చక్కెర దట్టించి ఊరబెట్టి చేయు అమృతకోకం ఈ జాతిలోనిదే. ఈ పద్ధతిలో పండు తన గొంతుతో మాటలాడును. లోపమేమనగా నిలువ తక్కువ. మందులు కలుపని ఇంటి షర్బత్తును ఫ్రిజ్జులో ఉంచి, వారము పదిరోజులలో ముగించుట మంచిది. నురుగు వచ్చినను, పులిసిన వాసన వచ్చినను పారబోయవలెను.

రెండవది వాయువు. సోడా చురుకు బుడగలు తాకుటవలన మాత్రమే కలుగునది కాదు. కరగిన వాయువు నాలుక తడిలో ఆమ్లమగుటచేతను కలుగును. ఆ వాయువు చల్లనినీటిలో ఎక్కువగా నిలుచును. మామూలు వాతావరణపు ఒత్తిడిలో, మంచుగడ్డ కరగునంత చల్లదనమున ఒక లీటరు నీరు సుమారు 1.7 లీటర్ల వాయువును పట్టుకొనును. 20 డిగ్రీల వేడిమిలో 0.9 లీటరునకు కొంచెము లోపుగను, 30 డిగ్రీలలో సుమారు 0.66 లీటరు మాత్రమును పట్టుకొనును. మద్రాసు వేసవిలో బల్లమీద ఉంచిన సోడా మూత తీసినంతనే చచ్చిపోవుటకు కారణమిదియే. నీరు, షర్బత్తు, గ్లాసు మూడును ముందుగనే చల్లబడి ఉండవలెను. ఆ తరువాత మంచుముక్కలు వేసి సరిచేయుదమనుకొనుట అంత ఫలింపదు. గరుకైన మంచుముక్క బుడగలకు తావై ఉన్న వాయువును కూడ వెళ్లగొట్టును.

ఇంటిలో సోడా చేయు మార్గములు కొన్ని గలవు. సిలిండరుతో నడచు చిన్నయంత్రము ఒకటి. 8 గ్రాముల వాయువు గల గుళికను బిగించి వాడు సైఫన్ సీసా మరియొకటి. రెంటను వట్టి నీటినే వాయుపూరితము చేసి, షర్బత్తును పిమ్మట కలుపవలెను. రసమునే యంత్రమునకు పెట్టినచో అది పొంగి పైకెగయును. మూడవ మార్గము, తీపిరసములో చిటికెడు ఈస్టు వేసి, మూతబిగించి ఒకటి రెండు రోజులు ఉంచుట. ఇందు కొలది సారాయి పుట్టుట తప్పదు. కావున పిల్లలకు ఇచ్చుటకు మేము ఒప్పుకొనము. ఒత్తిడికి గాజుసీసా పగిలి గాయములగు ప్రమాదమును కలదు. నాలుగవది, వంటసోడాలో నిమ్మరసము పిండుట. చూచుటకు నురుగు గొప్పగా వచ్చును. కాని ఆమ్లము, క్షారము కలిసి లవణముగా మారును. పులుపు చచ్చి, అడుగున సబ్బువంటి ఉప్పదనము మిగులును. ఇది నురుగును చూపి రుచిని దాచు పద్యమువంటిది. ఈ సాధనములేవియు లేనివారు అంగడి సోడానే తెచ్చి ఇంటి షర్బత్తు కలుపుకొన్నచో న్యూనత ఏమియు లేదు.

కలుపుటయందును క్రమమున్నది. గ్లాసులో ముందు షర్బత్తు పోసి, పిమ్మట సోడాను గ్లాసు వాలుగా పట్టి అంచువెంబడి మెల్లగా వదలవలెను. సోడామీద షర్బత్తు పోసినచో పొంగి, చురుకంతయు బల్లపాలగును. ఒక పాలు షర్బత్తుకు ఐదు పాళ్ల సోడా చాలును. పొడవాటి చెంచాతో ఒక్కమారు కదపుట రుచి, పదిమార్లు కదపుట నష్టము.

ఏ పండు తగును అను ప్రశ్న ఔచిత్యమునకు సంబంధించినది. నిమ్మ ఈ జాతికి ఆదికవి. దానికి సాటి రానిదే అది నిలిచియున్నది. బెంగుళూరు పరిసరములలో పండు నల్లని బెంగుళూరు బ్లూ ద్రాక్ష తొక్కలో రంగును, పరిమళమును, కొంచెము వగరును ఉంచుకొన్నది. సోడా చురుకునకు అది చక్కని జోడు. కోకం తన పులుపుతో, ఎరుపుతో సోడాలో వెలుగును. జీలకఱ్ఱపొడి చిటికెడు వేసిన మరింత శోభించును. దానిమ్మ బాగుండును గాని గింజను నలుగగొట్టరాదు, కనరు వచ్చును. బత్తాయిరసము పిండినవెంటనే త్రాగదగినది, నిలువయుంచిన చేదెక్కును. మామిడిపండు మాత్రము సోడాకు పనికిరాదని మా తీర్పు. దాని గుజ్జు చిక్కన. బుడగలను నిలువనీయదు, తానును తేలికపడదు. రసాలను పళ్లెములో ఉంచి గౌరవించుటయే మర్యాద. ఒడిషా మారేడుగుజ్జు కూడ నీటితోనే అందగించును. యానాము చుట్టుపట్ల గోదావరితీరపు ఎడనీళ్లకు సోడా కలుపుట, సహజముగా పాడువానికి తాళము తప్పించుటవంటిది. తమిళనాడు నన్నారి పండు కాకపోయినను దానికి మినహాయింపు ఇచ్చుచున్నాము. మన సుగంధిపాల వేరే అది. నిమ్మతో కలిసి సోడాలో అది చూపు సౌమ్యత మరొకదానికి లేదు. పన్నీరుసోడాకు సువాసన కలదు, పండు లేదు. దానిని వేరొక తరగతిలో ఉంచవలెను.

ఇంతవరకు చెప్పినదానికి ఒక ఆక్షేపణ రావచ్చును. ఇంటి షర్బత్తు ఆరోగ్యమునకు మంచిదని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకమును పరీక్షింపకుండ ఒప్పుకొనుట విమర్శకునికి తగదు. పై లెక్కన చేసిన నిమ్మషర్బత్తు 30 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల చక్కెర ఉండును. అనగా నాలుగు చిన్నచెంచాలు. అంగడి తీపిసీసాకు ఇది ఎక్కువ తేడా కాదు. ఇంట కలిపినంతమాత్రమున చక్కెర తన గుణమును మార్చుకొనదు. మధుమేహము గల పెద్దలకు వట్టి సోడాలో నిమ్మ, ఉప్పు, నలిపిన పుదీన వేసి ఇచ్చుటయే ప్రేమ. తక్కినవారికిని షర్బత్తు తగ్గించి రసము పెంచిన రుచియు బాగుపడును. ఇంటి సోడా గొప్పతనము వైద్యమున లేదు. అందులో ఏమి వేసితిమో మనకు తెలియును. ఎంత వేయవలెనో మన చేతిలో ఉన్నది. ఆ రెండును సీసా ఇవ్వలేనివి.

అన్నిటికంటె ముఖ్యమైన నష్టమును మేము చివరకు ఉంచితిమి. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో, ఇంగ్లీషో చదువుకొందురు. అది మంచిదే; ఉన్న ఊరి భాష రానివాడు ఆ ఊరివాడు కాలేడు. తెలుగు వారికి మిగులునది ఇంటిలోనే. ఇంటిలోను పని లేనిచోట మాట నిలువదు. పిందె, కసుగాయ, దోరకాయ, పండు, మాగినపండు - ఇవి ఐదును వేరువేరు దశలని, షర్బత్తునకు ఏ దశ తగునో చేయి చెప్పవలెనని, బుట్టముందు కూర్చుండి పండ్లేరిన బిడ్డకు తెలియును. సీసామూత తీసిన బిడ్డకు తెలియదు. పులుపు, వగరు, కనరు, చేదు, ఘాటు, చురుకు, కమ్మదనము అను మాటలకు బదులు బాగున్నది, బాగులేదు అను రెండే మిగిలినచో, అది నాలుకకును భాషకును ఒక్కసారే కలిగిన దారిద్ర్యము. నిఘంటువు ఈ మాటలను భద్రపరుపగలదు; వాని రుచిని భద్రపరుపలేదు. ఉగాదిపచ్చడి ఏడాదికి ఒక్కనాడు ఆరురుచులను గుర్తుచేయుచున్నది. తక్కిన దినములకు ఇట్టి చిన్నపనులే ఆధారము.

అందుచేత మన సమాజములకు మా మనవి ఇది. ఉగాదికిని, రామనవమికిని పెట్టెలతో సీసాలు తెప్పించుటకు ముందు, సభ్యుల ఇండ్లలో ఎవరెవరు ఏ పండుతో షర్బత్తు చేయుదురో అడిగి చూడవలెను. బరంపురమునుండి వచ్చిన కుటుంబము మారేడుపణా, పుణేనుండి వచ్చినది కోకం, బెంగుళూరువారు ద్రాక్ష, మధురవారు నన్నారి తెచ్చినచో, వాని ప్రక్కన మన బెల్లపుపానకపు బిందె ఉన్నచో, ఆనాటి పంక్తి ఆముక్తమాల్యదలోని పంక్తికి దగ్గరగును. పిల్లల చేతికి గరిటె ఇచ్చి, తాము కలిపినదాని రుచిని నాలుగు తెలుగుమాటలలో చెప్పుమనవలెను. బహుమతి అక్కరలేదు, రెండవ గ్లాసు చాలును.

ఉన్న ఊరిలో కలిసిపోవుట మన పెద్దలు చేసి చూపిన పని. కలిసిపోయియు లేకుండ పోకుండుట మనకు మిగిలిన పని. పానకములోని మిరియమునకు అది చేతనగును. కనబడదు, కాని వేయని దినమున ఇంటివారందరును అడుగుదురు.